దీవి తోటల్లో లవంగం, తేయాకు – వాటి వెనుక తెలుగు చేతులు



పెండ్లి ఇంట బగారన్నం వండే మనిషి తన ముందు ఏమేమి సామాను పెట్టుకొంటాడో మీకు తెలియనిది కాదు. మిరపకాయలు, ధనియాలు, పసుపు ఒక పక్క. లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు, జాజికాయ మరొక పక్క. మొదటి పక్కన ఉన్నవి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ భూముల్లో పండుతవి. రెండవ పక్కన ఉన్నవి పండవు. పొద్దున లేవగానే తాగే చాయకు కావలసిన ఆకు కూడా మన వద్ద పండదు. రూపాయి పెట్టి అంగడిలో తెచ్చుకోవలసినదే.

ఈ సరుకులు ఎక్కడ పుట్టినవి? సముద్రాలు దాటి ఎట్లా వచ్చినవి? ఆ తోటల్లో చెమటోడ్చినది ఎవరు? ఈ సంగతులు ఈ పూట చెప్పుకొందాం. “మాకు కందిచేనికి వచ్చిన పురుగు సంగతి చెప్పండి గాని, దీవుల ముచ్చట మాకెందుకయ్యా?” అని మీరు అడుగవచ్చు. అడగడం న్యాయమే. అయితే ఆ దీవి తోటల్లో మన తెలుగువారి చెమట కలిసి ఉన్నది. అంతేకాదు, పంటను నమ్ముకొన్నవాడు ఎట్లా నిలుస్తాడు, ఎట్లా పడిపోతాడు అనే సంగతిని ఆ తోటలు చెప్పినంత తేటగా మరేదీ చెప్పదు. ఓపికగా వినండి.

మన నేలలో ఎందుకు పండవు

ముందుగా నేల సంగతి చూద్దాం. మన రెండు పాత జిల్లాలలో ఏడాదికి పడే వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అదికూడా నాలుగు నెలల్లో, కొన్ని దినాల్లోనే పడి పోతుంది. మిగిలిన ఎనిమిది నెలలు ఎండే. చల్క, దుబ్బ భూములు నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచలేవు. నల్లరేగడి కొంత పట్టి ఉంచుతుంది.

తేయాకు చెట్టుకు ఏడాది పొడుగునా తేమ కావాలి. ఎందుకంటే మనం దాని కాయను గాని గింజను గాని కోయము, లేత చిగురును కోస్తాము. వారం పది దినాలకొకసారి చిగురు వేయాలంటే వేరు దగ్గర తడి ఆరకూడదు. పైగా దానికి పులుపు గల నేల, అంటే ఆమ్లగుణం ఉన్న నేల కావాలి. నీరు నిలువని వాలు కావాలి. లవంగపు చెట్టుకు వెచ్చని గాలి, గాలిలో చెమ్మ, మన వానకు రెండు మూడింతల వాన కావాలి. లవంగమంటే కాయ కాదు, విచ్చుకోని పూమొగ్గ. చెట్టు నాటిన ఆరేడేండ్లకు గాని మొగ్గ చేతికి రాదు. అన్నాళ్లు ఆగగల ఓపిక, పెట్టుబడి ఉండాలి.

ఇటువంటి వాన, ఇటువంటి వెచ్చదనం సముద్రం నడుమనున్న దీవులకు ఉంటవి. అందువల్లనే సుగంధ ద్రవ్యాల చరిత్ర చాలావరకు దీవుల చరిత్ర అయినది.

మొక్కకు కావలి కాసిన కాలం

లవంగం, జాజికాయ పుట్టినిల్లు నేటి ఇండోనేషియాలోని మొలుక్కా దీవులు. జాజికాయ ఆ దీవులలోనే బందా అనే చిన్న దీవుల గుంపులో పుట్టింది. 17వ శతాబ్దంలో డచ్చివారి కంపెనీ ఆ దీవులను పట్టుకొన్నది. 1621లో బందా దీవుల ప్రజలను చాలామందిని చంపి, మిగిలినవారిని తరిమి, తోటలను తన చేతిలోకి తీసుకొన్నది. లవంగపు చెట్లు తన పట్టులో ఉన్న అంబాయినా దిక్కున తప్ప మరెక్కడా ఉండకూడదని, ఇతర దీవులలోని చెట్లను నరికించింది. పంట ఎక్కువైతే ధర పడిపోతుందని ఆ భయం. పండించిన రైతుకు ధర చెప్పే హక్కు లేదు. కొనేవాడు ఒక్కడే, అమ్మేవాడూ ఒక్కడే.

ఆ కావలిని దాటించినవాడు ఒక ఫ్రెంచివాడు. పేరు పియేర్ ప్వావ్ర్. ఫ్రెంచి భాషలో ఆ ఇంటిపేరుకు అర్థం ‘మిరియం’ అనే! ఆయన 1767 నుంచి 1772 వరకు మారిషస్ దీవికి పాలనాధికారిగా ఉన్నాడు. అప్పుడు ఆ దీవిని ఫ్రెంచివారు ‘ఇల్ ద ఫ్రాన్స్’ అని పిలిచేవారు. ఆయన పంపిన ఓడలు 1770లో లవంగపు, జాజికాయ మొక్కలను, గింజలను డచ్చివారి కన్నుగప్పి ఈ దీవికి చేర్చినవి. పాంప్లెమూస్ అనేచోట ఉన్న తోటలో వాటిని పెంచినారు. చాలా మొక్కలు చచ్చినవి. కొద్ది మాత్రం నిలిచినవి. నిలిచిన చెట్ల నుంచి గింజ తీసి, నారు పోసి, పక్క దీవులకు పంచినారు. ఆ తోట నేటికీ మారిషస్‌లో ఉన్నది. మన కాలపు మాటలో చెప్పవలెనంటే అది నర్సరీ, విత్తన క్షేత్రం, పరిశోధనా కేంద్రం అన్నీ కలిసిన చోటు.

అయితే మారిషస్‌లో లవంగం పెద్ద పంట కాలేదు. ఆ దీవికి తుఫానుల బాధ ఎక్కువ. నిటారుగా పెరిగి, ఏండ్ల తరబడి కాపుకు రావలసిన చెట్టును ఒక్క రాత్రి గాలి పడగొట్టగలదు. చెరకు అట్లా కాదు. గాలికి వంగుతుంది, మళ్లీ లేస్తుంది, లేకున్నా మోడు నుంచి పిలక వేస్తుంది. డచ్చివారు 1639లోనే జావా నుంచి తెచ్చిన చెరకు కడకు ఆ దీవినంతా ఆక్రమించింది. లవంగం మాత్రం పక్కనున్న రీయూనియన్ దీవికి, అక్కడనుంచి 19వ శతాబ్దపు మొదటి భాగంలో ఆఫ్రికా తీరానగల జాంజిబార్‌కు చేరింది. ఆ గాలికి, ఆ నేలకు అది ఎంత ఇమిడిపోయినదంటే, కొన్ని దశాబ్దాలలో ప్రపంచంలో లవంగమంటే జాంజిబారే అన్నట్లయింది. మనుషులు ఆశపడిన చోట గాక, తనకు సరిపడిన చోటనే మొక్క ఇల్లు కట్టుకొన్నది.

జాంజిబార్ తోటలను నాటినవారు బానిసలు. అక్కడ బానిసత్వం 1897లో గాని చట్టరీత్యా పోలేదు. ఆ లవంగాలకు పెద్ద కొనుగోలుదారు మన దేశమే. 1937లో అక్కడి ప్రభుత్వం లవంగాల వ్యాపారమంతా ఒక్క సంఘం చేతికి అప్పగించి, భారతీయ వ్యాపారులను పక్కకు నెట్టింది. అప్పుడు మన కాంగ్రెసు జాంజిబార్ లవంగాలను కొనవద్దని దేశానికి పిలుపు ఇచ్చింది. మన ఇండ్లలో లవంగం మానుకొన్నందున సముద్రం అవతల ప్రభుత్వం దిగివచ్చి 1938లో రాజీకి ఒప్పుకొన్నది. కొనేవారు ఒక్క మాట మీద నిలిస్తే ఎంత బలమో చూడండి. అమ్మేవారు ఒక్క మాట మీద నిలిచినా అంతే బలం.

పన్నెండేండ్ల పిల్లవాని తెలివి

రీయూనియన్ దీవిలో జరిగిన మరొక సంగతి తప్పక వినవలసినది. వెనిల్లా అనే తీగ ఒకటి ఉన్నది. ఐస్‌క్రీముకు, మిఠాయికి వాసన ఇచ్చేది దాని కాయే. అది మెక్సికో దేశపు తీగ. దీవికి తెచ్చి నాటితే తీగ పెరిగింది, పువ్వు పూసింది గాని కాయ మాత్రం పట్టలేదు. దాని పుప్పొడిని చేరవేసే పురుగు ఇక్కడ లేదు. చదువుకొన్న పెద్దలు ఎందరో తలలు పట్టుకొన్నారు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేండ్ల బానిస పిల్లవాడు ఒక చిన్న పుల్లతో పువ్వు లోపలి పొరను ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్ది కాయ పట్టించినాడు. ఆ ఉపాయంతోనే ఈనాటికీ తోటల్లో వెనిల్లా కాస్తున్నది. తోటల యజమానులు ధనవంతులయినారు. 1848లో ఫ్రెంచి దీవులలో బానిసత్వం రద్దయినప్పుడు ఆ పిల్లవానికి స్వేచ్ఛ వచ్చింది గాని సొమ్ము రాలేదు. 1880లో బీదవాడుగానే చనిపోయినాడు.

పొలంలో కొత్త ఉపాయం కనిపెట్టేది పెద్ద డిగ్రీ ఉన్నవాడే అనుకోకూడదు. నేను డిప్లొమా చదివినవాణ్ణి, శాఖలో ఉద్యోగిని. గ్రామాలలో తిరిగే నాబోటివాడు రైతుకు చెప్పేది ఎంత ముఖ్యమో, రైతు చెప్పేది వినడం అంతకు తక్కువ కాదు. అయితే కనిపెట్టినవానికి ఫలం దక్కాలి. అది దక్కే ఏర్పాటు లేకపోతే తెలివి ఒకనిది, లాభం మరొకనిది అవుతుంది.

కోరంగి రేవు నుంచి

ఇక మన తెలుగువారి సంగతి. రీయూనియన్ దీవి ఫ్రెంచివారిది. గోదావరి ముఖద్వారాన ఉన్న యానాం కూడా అప్పట్లో ఫ్రెంచివారిదే. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలను ఆ దీవికి తీసుకొని పోయినారు. ఫ్రెంచివారి కాగితాలలో వారిని ‘తెలింగ’లని వ్రాసుకొన్నారు.

మారిషస్‌ను 1810లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నుంచి గెలుచుకొన్నారు. అక్కడ 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల దొరలకు పనివాళ్లు కావలసి వచ్చినారు. అందుకు ఒక ఏడాది ముందే, 1834 నుంచే, మన దేశం నుంచి ఒప్పందపు కూలీలను ఓడలలో తీసుకొనిపోవడం మొదలుపెట్టినారు. కలకత్తా, బొంబాయి, మద్రాసుల నుంచేగాక కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కూడా మనుషులు పోయినారు. గోదావరి, విశాఖపట్టణం, గంజాం ప్రాంతాల తెలుగువారు కోరంగి నుంచి ఓడ ఎక్కినందున మారిషస్‌లో తెలుగువారికి ‘కొరింగీ’లనే పేరే స్థిరపడింది. రేవు పేరే జాతి పేరయింది.

ఎందుకు పోయినారు? ఆశ కొంత, ఆకలి ఎక్కువ. 1832–33 నందన నామ సంవత్సరంలో గుంటూరు, మచిలీపట్నం దిక్కున పడిన కరువును పెద్దలు ‘నందన కరువు’ అని తరతరాలుగా చెప్పుకొన్నారు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగినే ముంచివేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తి అయ్యేదాకా గోదావరి పక్కనే ఉండి కూడా పొలానికి నమ్మకమైన నీరు లేదు. నీరు లేని ఊరు మనిషిని నిలుపుకోలేదు. ఈ మాట పాలమూరు రైతుకు నేను చెప్పనక్కరలేదు.

ఒప్పందం షరతులు వినండి. అయిదేండ్లు పని. మగమనిషికి నెలకు 5 రూపాయల జీతం. దానికి తోడు బియ్యం, పప్పు, ఉప్పు, కొంత బట్ట. వినడానికి బాగానే ఉన్నది. అయితే ఓడ ఎక్కకముందే బయానా అని ఇచ్చేవారు. దానిలో ఎంతో భాగం మధ్యన ఉన్న మేస్త్రీలే మింగేవారు. అక్కడకు పోయినాక ఆ బయానాను జీతం నుంచి విరుచుకొనేవారు. ఒక దినం పనికి రాకపోతే రెండు దినాల జీతం కోసేవారు. జబ్బుపడి రాకున్నా ఆ కోత తప్పినది అరుదు. దీనికి అక్కడ ‘రెండింతల కోత’ అని పేరు. తోట దాటి పోవాలంటే చీటీ ఉండాలి. 1867లో చేసిన చట్టంతో ఆ చీటీకి ఫోటో కూడా అంటించి, చీటీ లేనివాణ్ణి దారిలో పట్టుకొని జైలులో పెట్టేవారు.

ఈ దుఃఖం ఎల్లకాలం మౌనంగా సాగలేదు. 1871లో 9,401 మంది పాత కూలీలు కలిసి అర్జీ పెట్టుకొన్నారు. అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్ల తోటదారు ఒకడు, తనవారంతా కోపగించినా, వారి పక్కన నిలబడి ఆ అర్జీ వ్రాసిపెట్టినాడు. దాని ఫలితంగా 1872లో విచారణ సంఘం వచ్చింది. కష్టాలు ఒక్కనాటితో పోలేదు గాని ప్రభుత్వం కళ్లు మూసుకొనే వీలు లేకపోయింది. వేలమంది ఒక్క కాగితం మీదికి వచ్చినందుకు దొరికిన బలమది. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి వస్తూ ఆ దీవిలో కొద్ది దినాలు ఆగి, పిల్లలను చదివించుకొమ్మని వారికి చెప్పినారు.

కూలి నుంచి రైతు

ఇక ఈ కథలో మనం మెచ్చుకోవలసిన భాగం. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో చక్కెర ధర పడిపోయింది. దొరలు తమ తోటల్లో అంచున ఉన్న, అంతగా పండని భూములను ముక్కలు చేసి అమ్మకానికి పెట్టినారు. ఒప్పందం తీరిన కూలీలు కూడబెట్టిన రూపాయితో, ఆడవాళ్ల ఒంటిమీది వెండితో ఆ ముక్కలు కొన్నారు. రాళ్లు ఏరి కుప్పలు పోసినారు. ఆ రాతి కుప్పలు నేటికీ మారిషస్ చెరకు తోటల నడుమ కనబడుతవి. మన చల్క భూమిలో రాళ్లు ఏరినవానికి ఆ పని ఎంతటిదో తెలుసు.

భూమి వచ్చింది గాని పెట్టుబడికి మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరకే పోవలసి వచ్చింది. అప్పుడు మన దేశంలో 1904లో వచ్చిన సహకార పరపతి చట్టాన్ని చూసి, 1913లో మారిషస్‌లో కూడా సహకార సంఘాల చట్టం చేసినారు. చిన్న రైతులు సంఘాలు పెట్టుకొని, పైరుకు అప్పు సంఘం నుంచి తెచ్చుకోవడం నేర్చినారు. మన ఊరి ప్రాథమిక సహకార సంఘానికి అది చెల్లెలు వంటిది.

1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమయింది. 2,040 చదరపు కిలోమీటర్ల దేశమది. మన పాత నల్లగొండ జిల్లాలో ఏడవ వంతు మాత్రమే. ఆ చిన్న దేశంలో తెలుగువారు నేటికీ ఉగాది చేసుకొంటారు, ఆ దినం అక్కడ ప్రభుత్వ సెలవు. అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, రామభజన చేస్తారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. కూలీలు ఓడ దిగి మెట్లెక్కిన ఘాట్‌ను పోర్టు లూయీ పట్టణంలో కాపాడుకొన్నారు. దానిని ‘ఆప్రవాసీ ఘాట్’ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది.

చాయ తోటలు, ఒక్క పంట కష్టం

మారిషస్ మిట్టల మీద వాన 3 వేల మిల్లీమీటర్లకు పైగా పడే చోట్లు ఉన్నవి. అక్కడ బువా షేరీ అనేచోట 1892లో పెద్ద తేయాకు తోట లేచింది. వెనిల్లా వాసన కలిపిన చాయపత్తి ఆ దీవి ప్రత్యేకత. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ప్రభుత్వం చిన్న రైతులకు తేయాకు నాటించింది. చెరకు ఒక్కదాన్నే నమ్ముకోరాదని ఆ ఆలోచన. ఆలోచన మంచిదే. కాని ప్రపంచపు బజారులో చాయపత్తి ధర పడింది, కోత కూలి పెరిగింది. 1990 దశకంలో తేయాకు భూములు చాలావరకు తిరిగి చెరకులోకి మారినవి. ఆ చెరకుకు 1975 నుంచి యూరపు దేశాలు ఒప్పందం ప్రకారం మంచి ధర ఇస్తూ వచ్చినవి. 2006 నుంచి 2009 లోపల ఆ ధరను 36 శాతం తగ్గించినవి. ఒక్క పంట, ఒక్క కొనుగోలుదారు – ఈ రెండూ కలిసిన రైతుకు నిద్ర ఉండదు.

మన పక్కనున్న సిలోను, అంటే శ్రీలంక కథ ఇంకా గట్టిది. అక్కడ మొదట దాల్చినచెక్క, తరువాత కాఫీ. కొండలన్నీ కాఫీ తోటలే. 1869లో ఆకుల అడుగున నారింజరంగు మచ్చలు వేసే తుప్పు తెగులు కనబడింది. మొదట ఎవరూ లెక్కచేయలేదు. పదిహేను ఇరవై ఏండ్లలో కాఫీ పంట నేలమట్టమయింది. అదృష్టవశాత్తు జేమ్స్ టేలర్ అనే తోటదారు 1867లోనే లూల్‌కందుర అనేచోట 19 ఎకరాలలో తేయాకు నాటి ఉంచినాడు. ఆ 19 ఎకరాల అనుభవమే ఆ దేశానికి దారి చూపింది. కాఫీ బాగున్న రోజుల్లోనే ఒక మూల మరొక పంటను పరీక్షించి చూసుకొన్నవాడు ఊరందరికీ ఉపకారి అయినాడు.

ఆ తోటల్లో చిగురు కోసినవారు ఎక్కువగా తమిళ సోదరీమణులు. వారిని తెచ్చిన కంగాణి, అంటే మేస్త్రీ, అప్పు చీటీ ఒకటి పెట్టుకొనేవాడు. దానిని ‘తుండు’ అనేవారు. ఆ అప్పు తీరితేగాని మరొక తోటకు పోయే వీలు లేదు. 1921లో గాని ఆ తుండు పద్ధతి రద్దు కాలేదు.

పాలమూరు దాకా

సోదరులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బయానా, మేస్త్రీ, జీతంలో విరుపు, తీరని అప్పు – ఈ మాటలు మనకు కొత్తవా? కోస్తావారు ఓడ ఎక్కితే మనవారు లారీ ఎక్కినారు. నైజాం కాలం నుంచి కరువు తాకిడికి పాలమూరు మనుషులు ఊరు విడిచి మట్టిపనికి పోయినారు. దేశంలో ఏ మూల ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా ‘పాలమూరు లేబర్’ అనే మాట వినబడేది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగరం రాతికట్ట మన నల్లగొండ గడ్డమీద మనుషుల చేతులతో లేచినదే. పరాయి పొలాలకు నీరు మళ్లించిన చేతులకు సొంత పొలంలో నీరు లేదు. మారిషస్‌లో చక్కెర పండించి, చాయలో చక్కెర వేసుకోలేని కూలికి, మనవానికి భేదమెంత?

1979లో మన పార్లమెంటు అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. గుత్తేదారుకు లైసెన్సు ఉండాలని, కార్మికునికి ఫోటోతో పాసుబుక్కు ఇవ్వాలని, రానుపోను ఖర్చు గుత్తేదారే పెట్టుకోవాలని దానిలో వ్రాసినారు. 2020లో ఆ చట్టాన్ని కార్మిక కోడులో కలిపినారు. చూడండి, మారిషస్‌లో ఫోటో చీటీ మనిషిని కట్టివేయడానికి పుట్టింది. మన చట్టంలో ఫోటో పాసుబుక్కు మనిషిని కాపాడడానికి పుట్టింది. కాగితం ఒకటే, ఎవరి చేతిలో ఉన్నదనేదే ప్రశ్న. కనుక ఇప్పటికీ ఊరు విడిచి పనికి పోయే కుటుంబం ఏదైనా ఉంటే, బయానా ఎంత ముట్టినదో, దినకూలి ఎంతో, ఎన్నాళ్ల పనో వ్రాయించుకొని, ఒక నకలు ఇంట్లో, ఒక నకలు పంచాయతీలో ఉంచి కదలండి. చదువుకొన్న పిల్లవానితో చదివించి వినక ముందు వేలిముద్ర వేయకండి.

ఇక పంట సంగతి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీరు అందిన ఊళ్లలో వలస పోయినవారు కొందరు తిరిగి వచ్చి నాగలి పట్టినారు. సంతోషమే. అయితే నీరు రాగానే ఊరంతా ఒక్క వరే, లేదా ఊరంతా ఒక్క పత్తే అయితే, మనమూ ఆ దీవి రైతు దారినే పోతున్నామన్న మాట. ఒక పక్క బోరు ఎండి, పెంచిన బత్తాయి తోటను తన చేతితోనే నరుక్కొన్న రైతులు మన నల్లగొండలో ఉన్నారు. ఆముదం, కంది, జొన్న మన చల్కకు తరాల నుంచి ఇమిడిన పంటలు. వాటిని పూర్తిగా విడువకండి.

మసాలా దినుసుల్లో మనకు పండేది పండించుకొందాం. మిరపకాయ మన సొంతమని అనుకొంటాం గాని, అదీ దీవుల మీదుగా వచ్చిన చుట్టమే. 1492లో కొలంబసు చేరిన కరిబ్బీ దీవులలో, అమెరికా ఖండంలో అప్పటికే అది పండేది. పోర్చుగీసువారు దానిని మన దేశపు తీరానికి తెచ్చినారు. అంతకుముందు మన కూరలో కారమంటే మిరియమే. అయిదు వందల ఏండ్లలో ఆ పరదేశి మొక్క మన ఇంటి ఆడబిడ్డ అయిపోయింది. లవంగం ఇక్కడ నిలువలేదు, మిరప నిలిచింది. నేల, వాన తేల్చిన తీర్పు అది.

అయితే దీవుల నుంచి మొక్కలే కాదు, పురుగులు కూడా వస్తవి. 2021–22లో మిరప తోటలను నాశనం చేసిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా దిక్కునుంచి వచ్చినదే. సిలోను కాఫీ తుప్పు మనకు మిరప పువ్వులో కనబడింది. ఒక్కటే పంట ఊరంతా పరచుకొన్నచోట దాని ఆట ఎక్కువ. మిరప వేసేవారు చేను చుట్టూ జొన్నగాని మక్కగాని రెండు మూడు వరుసలు దట్టంగా వేయండి. నీలిరంగు జిగురు అట్టలు కట్టండి. ఒకే మందును పదేపదే కొట్టకండి. అదే చేనులో ఏటేటా మిరప వేయక, మధ్యన పప్పుజాతి పైరు వేసి మార్చండి. నల్లరేగడి ఉన్నవారు యాసంగిలో భూమిలోని తడిమీదనే ధనియాలు ఒక ఎకరంలో వేసి చూడండి. గట్ల మీద చింతచెట్టు పెంచండి. దానికి నీరు పెట్టే బాధ లేదు, తరం మారినా కాపు మారదు.

జేమ్స్ టేలర్ 19 ఎకరాలు పెట్టగలిగినాడు. మనకు అంత లేదు. ఉన్న నాలుగెకరాల్లో ఇరవై గుంటలు కొత్త పంట పరీక్షకు విడిచినా చాలును. అమ్మేటప్పుడు మాత్రం ఒంటరిగా పోకండి. నలుగురు కలిసి సంఘం పేరుమీద ధాన్యమైనా, మిరపైనా తూకం వేయించండి. విడిగా ఉంటే కూలి, కలిసి ఉంటే రైతు – ఆ 9,401 మంది అర్జీదారులు మనకు వదలిపోయిన పాఠమది.

మీ ఊరి భూమికి ఏ దినుసు సరిపోతుందో తేల్చుకోవాలంటే వేసవిలోనే మట్టి తీసి పరీక్షకు పంపండి. మృగశిర రాకముందే ఫలితం చేతికి వస్తే, ఆ కాగితం పట్టుకొని మీ మండల వ్యవసాయాధికారిని కలవండి. సెలవు.